ఆటిజం, అభ్యసన వైకల్యాలున్న పిల్లలకు బడి కట్టడం: మల్కాపురం నేపథ్యం

ఆటిజం ఉన్న పిల్లలకూ, చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో ఎంత కష్టపడినా తడబడే పిల్లలకూ అనువుగా బడి భవనాన్ని రూపొందించడం భవన నిర్మాణ శాస్త్రంలో ఈమధ్య మొలిచిన కొమ్మ. లియో కానర్ అమెరికాలో ఆటిజాన్ని వర్ణించింది 1943లో. అలాంటి పిల్లలు కూర్చునే గది ఎలా ఉండాలన్న పరిశోధన ఊపందుకున్నది మాత్రం 2000 దాటాకే. మధ్యలో ఉన్న అరవై ఏళ్లూ వైద్యులు పిల్లల్ని చూశారు, టీచర్లు పాఠాన్ని చూశారు, గదిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

విశాఖపట్నం రేవుకు అవతల, యారాడ కొండకూ రిఫైనరీకీ మధ్య ఇరుక్కున్న మల్కాపురాన్ని ఈ వ్యాసానికి నేలగా తీసుకోవడానికి కారణం ఉంది. ఇలాంటి బడికి ఏవేవి పడవో అవన్నీ అక్కడ గోడ పక్కనే ఉన్నాయి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డ్, నేటి హిందుస్థాన్ షిప్‌యార్డ్, ఆ దరినే. 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టిన చమురు శుద్ధి కర్మాగారం, ఇప్పుడు హెచ్‌.పి.సి.ఎల్‌.ది, ఇటువైపు. నౌకాదళ స్థావరం, ఎరువుల కర్మాగారం, గాజువాక దాకా ట్యాంకర్లతో నిండి ఉండే రోడ్డు, పైన ఐ.ఎన్‌.ఎస్. డేగా నుంచి లేచే హెలికాప్టర్లు, కింద గెడ్డలు. ఏటవాలు పచ్చిక మధ్య ఒంటరిగా నిలబడ్డ విదేశీ బడుల ఫొటోలు చూసి నేర్చుకున్న సూత్రాలు ఇక్కడ ఎంతవరకు నిలుస్తాయన్నదే ప్రశ్న.

ర్యాంపు దగ్గర ఆగిపోయిన చట్టం

బడి అందరికీ అందుబాటులో ఉండాలనగానే మన ఇంజినీరు చేయి ముందుగా ర్యాంపు గీస్తుంది. 2009 విద్యా హక్కు చట్టం అనుబంధంలో బడి భవనానికి పెట్టిన షరతుల్లో అడ్డంకులు లేని ప్రవేశం ఒకటి. దాన్ని అందరూ ర్యాంపు అనే చదువుకున్నారు. పన్నెండు అడుగుల పొడవుకు అడుగు ఎత్తు, పక్కన స్టీలు గొట్టం, తనిఖీ ఫారంలో టిక్కు. ఆటిజం ఉన్న పిల్లవాడు ఆ ర్యాంపును పరుగున ఎక్కేస్తాడు. వాడికి అడ్డం వచ్చేవి లోపలున్నాయి: మైకులో ప్రార్థన, మినుకుమినుకుమనే ట్యూబులైటు, మధ్యాహ్న భోజనం వేళ సిమెంటు నేల మీద స్టీలు పళ్లాల మోత, నిన్న ఒక చోట ఉండి ఇవాళ మరో చోటికి జరిగిన బెంచీ.

చట్టం నెమ్మదిగానే అయినా అటువైపు నడిచింది. 1995 చట్టం గుర్తించిన 7 రకాల వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని పేరు పెట్టి పిలిచింది. 2016లో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాను 21కి పెంచి, ఆటిజాన్నీ నిర్దిష్ట అభ్యసన వైకల్యాలనూ చేర్చింది. దాని 16వ సెక్షన్ భవనం, ఆవరణ, సదుపాయాలు అన్నీ అందుబాటులో ఉండాలంటుంది. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించే బాధ్యతను కూడా బడి మీదే పెట్టింది. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని చెప్పింది. ఉపాధ్యాయుడి లెక్క తేలింది. ఆయన కూర్చోబెట్టి చెప్పే గదికి మాత్రం అంత స్పష్టమైన లెక్క రాలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పిల్లలు సర్కారు కంటికి ఆనే చోట్లు రెండు. ఒకటి సదరం శిబిరం, వైకల్య సర్టిఫికెట్ కోసం. రెండోది సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రం, చాలాచోట్ల ఏదో ఒక బడి ఆవరణలోని గది, అందులో ఐ.ఇ.ఆర్‌.పి. అని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు, వారానికి ఏదో ఒక రోజు ఫిజియోథెరపీ. ఆటిజం ఎంత ఉందో కొలవడానికి దేశమంతా వాడే ఐసా కొలబద్ద, నలభై అంశాలది, తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. 1984లో మనోవికాస్‌నగర్‌లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు నీపిడ్, దాన్ని రూపొందించింది.

చప్పుడు

ఈజిప్టు ఆర్కిటెక్టు మగ్దా ముస్తఫా 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఆటిజం పిల్లల టీచర్లను గదిలో ఏది ఎక్కువ ప్రభావం చూపుతుందని అడిగితే మొదటి స్థానం శబ్దానికి దక్కింది. ఆమె ఒక తరగతి గదికి చప్పుడు తగ్గే ఏర్పాటు చేసి చూస్తే పిల్లలు ధ్యాస నిలిపే సమయం పెరిగింది. తరవాత ఆమె కూర్చిన ఆస్పెక్ట్స్ అనే ఏడు సూత్రాల చట్రంలో కూడా మొదటి అక్షరం శబ్దానిదే.

మామూలు చెవి అక్కర్లేని చప్పుడును తనంతట తానే వెనక్కి నెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందిలో ఆ జల్లెడ సరిగా పనిచేయదు. ఫ్యాను గరగర, పక్క గదిలో ఎక్కాలు, బయట ట్యాంకరు ఎయిర్‌హారన్, టీచరు గొంతు అన్నీ ఒకే వరసలో వచ్చి నిలబడతాయి. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల సంగతీ దీనికి దగ్గరే. ద, ధ శబ్దాల తేడా పట్టుకోవడానికే తంటాలు పడే పిల్లకు మారుమోతలో ఆ తేడా పూర్తిగా చెరిగిపోతుంది.

ఇరవై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న మామూలు సర్కారు గదిని తీసుకుందాం. లోపల గాలి సుమారు 113 ఘనపు మీటర్లు. సిమెంటు నేల, ప్లాస్టరింగు గోడ, స్లాబు, ఇవి తమ మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతుల కంటే ఎక్కువ పీల్చవు. మిగతాది తిప్పికొడతాయి. పదిమంది పిల్లలు, ఒక టీచరు, వాళ్ల బట్టలు కలిపి ఇంకొంచెం పీలుస్తాయి. తలుపులు మూసి చప్పట్లు కొడితే ఆ మోత అణగడానికి రెండు సెకన్లు దాటుతుంది. అమెరికా ప్రమాణం తరగతి గదికి 0.6 సెకన్లు. బ్రిటన్ వినికిడి, భాష సమస్యలున్న పిల్లల గదికి 0.4 సెకన్లు పెట్టింది. తన మీద పడ్డ శబ్దంలో అరవై శాతం పీల్చే పలకలను సీలింగు అంతటా వేస్తే మన గది 0.6 దగ్గరికి దిగుతుంది. 0.4 కావాలంటే రెండు గోడల్లో మూడింట రెండు వంతులు కూడా కప్పాలి. ఈ లెక్కకు మూలం 1890ల్లో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ చేసిన పని. ఆయన రాత్రుళ్లు పక్క హాల్లోంచి కుర్చీ పరుపులు మోసుకొచ్చి, ఎన్ని పరుపులు పెడితే ఎంత మోత తగ్గుతుందో కొలిచాడు. మన దగ్గర ఆ పరుపుల పని కోనసీమ కొబ్బరి పీచు, విజయనగరం జిల్లా జూట్ మిల్లుల గోనె చేయగలవు. చెక్క తురుము, సిమెంటు కలిపిన బోర్డులు అన్నిటికంటే మేలు, తేమకు పాడవవు కాబట్టి. సముద్రపు తేమలో దూది లాంటి ఖనిజ పలకలు రెండు వానాకాలాలకు ఉబ్బి నల్లబడతాయి. పీచైనా గోనైనా నిప్పంటుకోకుండా మందు పట్టించాకే గోడకెక్కించాలి.

లోపలి మోత ఇలా అణుగుతుంది. బయటి చప్పుడే గట్టి చిక్కు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ బయటి శబ్దాన్ని 45 డెసిబెళ్ల పైనే తగ్గిస్తుంది. తెరిచిన కిటికీ పది, పదిహేను తగ్గిస్తే గొప్ప. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడి చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద మండలం, పగలు 50 డెసిబెళ్లు దాటకూడదు. లారీల రోడ్డు పక్క ఆ బోర్డు చూసి నవ్వుకోవడం తప్ప చేసేదేమీ లేదు. కిటికీ తెరిస్తే చప్పుడు, మూస్తే ఉక్క. మే నెలలో మల్కాపురంలో కిటికీలు మూసుకుని కూర్చోమనడం శిక్ష, అందులోనూ చెమట తడికి చొక్కా ఒంటికి అంటుకుంటేనే విలవిల్లాడే పిల్లల్ని. ఏసీలకు కరెంటు బిల్లు కట్టగల బళ్లు ఎన్ని?

అందుకే ఇక్కడ పరిష్కారం పరికరాల్లో కంటే ప్లానులోనే వెతకాలి. రోడ్డు వైపు కిటికీల్లేని గోడ. దానికి ఆనుకుని స్టోరు, ఆఫీసు, మరుగుదొడ్లు, మెట్లు. వాటి వెనక నడవా. ఆ వెనక తరగతులు, వాటి కిటికీలన్నీ లోపలి పెరటి వైపుకు. చప్పుడు అన్ని పొరలు దాటి రావాలి, గాలి మాత్రం పెరట్లోంచి నేరుగా వస్తుంది. ఈ చోట ఒక పక్కమాట చెప్పక తప్పదు. మన బళ్లలో మరుగుదొడ్డి ఎక్కడుండాలో నిర్ణయించేది చాలాసార్లు ఆర్కిటెక్టు కాదు, వాస్తు సిద్ధాంతి. ఆయనతో ముందే మాట్లాడుకోకపోతే పై వరస అంతా తలకిందులవుతుంది.

బడి గంట సంగతి కూడా ఇక్కడే. వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప సుత్తితో కొట్టే గంట మన బడులకు ఎంతో ముద్దయినది, రైలూ రేవూ ఉన్న ఊళ్లో మరీను. మూడు వీధులకు వినిపించాలనే దాని పుట్టుక. దాని కిందున్న గదిలో ఆటిజం పిల్లవాడు రోజుకు పదిసార్లు చెవులు మూసుకుంటాడు, అంతకంటే ముఖ్యంగా ఆ పదిసార్ల కోసం మిగతా సేపంతా భయంగా ఎదురు చూస్తాడు. పట్టాను ఆవరణ చివరికి జరిపి, గదిలో ముందు లైటు వెలిగి ఆ తరవాత చిన్న గంట మోగే ఏర్పాటు చేస్తే చాలు.

ఫ్యాను కింద

మన తరగతి గదుల్లో లైటు తరచూ ఫ్యాను కంటే ఎత్తులో ఉంటుంది. వెలుతురును ఫ్యాను రెక్కలు కోస్తూ తిరుగుతాయి. బల్ల మీద, పుస్తకం మీద, టీచరు మొహం మీద నీడలు టపటపా కొట్టుకుంటాయి. మనం రెండు నిమిషాల్లో మరిచిపోతాం. కొందరు పిల్లలు మరిచిపోలేరు. ఇంకొందరికి అదే ప్రపంచంలోకెల్లా ఆసక్తికరమైన దృశ్యం, తల ఎత్తి గంటసేపు అలాగే ఉండిపోతారు, పాఠం కింద జరిగిపోతూ ఉంటుంది. ఇనుప చోకు ఉన్న పాత ట్యూబులైటు 50 హెర్ట్జుల కరెంటు మీద సెకనుకు నూరుసార్లు మినుకుతుంది. దాని వెలుగులో ఆటిజం పిల్లలు చేసిన పనే చేయడం ఎక్కువైందని 1976లోనే ఒక అమెరికన్ ప్రయోగం చెప్పింది. తరవాతి ప్రయోగాల్లో అంత ఏకాభిప్రాయం లేదు. అయినా మినుకు లేని దీపం ఎవరికీ చెరుపు చేయదు. చౌక ఎల్‌ఈడీలు కూడా మినుకుతాయి, ఫోను కెమెరా పెట్టి చూస్తే చారలు కనిపిస్తాయి.

చేయాల్సింది తేలికే. లైట్లను ఫ్యాను అంచుకు బయటగా, గోడల వెంట దించాలి. కొన్నిటి వెలుగును సీలింగు మీదికి తిప్పాలి. ఒక్కో వరసకు వేరే స్విచ్చి ఉండాలి. గది మధ్యలో ఒక పెద్ద ఫ్యాను బదులు గోడ ఫ్యాన్లు వాడితే చూపు అటు పోవడం తగ్గుతుంది, కాని అవి పిల్లల చేతికందని ఎత్తులో ఉండాలి. కిటికీ అద్దాల విషయంలో విశాఖకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అద్దాల ముఖాలున్న భవనాలు ఏమయ్యాయో నగరం చూసింది. పెద్ద అద్దం తుపానుకు పనికిరాదు, నెత్తి గోడకేసి కొట్టుకునే పిల్లవాడికీ పనికిరాదు. ఎత్తున చిన్న కిటికీలు, కింద చెక్క రెక్కలు, రెంటికీ సరిపోతాయి.

రంగుల గోడలు

ఇక్కడ రెండు మంచి ఆలోచనలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఢిల్లీలోని విన్యాస్ సంస్థ, ఆర్కిటెక్టు కబీర్ వాజ్‌పేయి ముందుకు తెచ్చిన ‘బాల’ అనే ఆలోచన ప్రకారం భవనమే బోధనోపకరణం. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు, మెట్ల మీద అంకెలు, కిటికీ ఊచల్లో అక్షరాలు. సర్వశిక్షా అభియాన్ దీన్ని దేశమంతా వ్యాపింపజేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలై, తొలి విడతలో 15,715 బడులను చేపట్టిన మనబడి నాడు–నేడు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఫ్యాన్లు, బల్లలతో పాటు గోడలకు రంగులు, బొమ్మలు తెచ్చింది. వెలిసిపోయిన సున్నం గోడల మధ్య చదువుకున్న తరానికి అవి చూస్తే కడుపు నిండుతుంది.

అయితే లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్నపిల్లలను బొమ్మలు నిండిన గదిలో, బోసి గదిలో మార్చి మార్చి కూర్చోబెట్టి పాఠం చెబితే, బొమ్మల గదిలో చూపు చెదిరింది, నేర్చుకున్నదీ తగ్గింది. వాళ్లు మామూలు పిల్లలే. ఇంగ్లండులో సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం 153 తరగతి గదులు, 3,766 మంది పిల్లలతో చేసి 2015లో వెలువరించిన అధ్యయనంలో మరీ బోసిగా ఉన్న గదులూ, మరీ కిక్కిరిసిన గదులూ రెండూ నష్టమేనని తేలింది. మధ్యస్థంగా ఉన్నవే మేలు.

అంటే బొమ్మలు చెరిపేయనక్కర్లేదు, జరిపితే చాలు. వరండాలో, పెరటి గోడ మీద, భోజనశాలలో ఉండనివ్వాలి. తరగతిలో పిల్లలు పాఠం వేళ చూసే గోడ, అంటే బోర్డు ఉన్న గోడ, ఒకే లేత రంగులో ఊరుకోవాలి. చార్టులన్నీ వాళ్ల వీపు వెనక గోడకు. విడిగా కూర్చుని పని చేసే బల్ల ఏ బొమ్మా లేని గోడకు ఎదురుగా ఉండాలి. ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టిన టీచ్ పద్ధతి ఈ ఏర్పాటునే దశాబ్దాలుగా వాడుతోంది. ఇక్కడ చదువు, ఇక్కడ ఆట, ఇక్కడ తిండి అని గదిని నేల చాపలతో, పొట్టి అలమార్లతో విడదీయడం ఆ పద్ధతికి ప్రాణం. ఎక్కడ ఏం జరుగుతుందో చెప్పకుండానే చోటు చెబుతుంది.

రంగు గురించి ఇంకొకటి. గోడ పెచ్చులు, సున్నం పొరలు నోట్లో పెట్టుకునే అలవాటు ఈ పిల్లల్లో కొందరికి ఉంటుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి ఉంది. దానికి ముందు వేసిన పొరలు కొత్త రంగు కిందే ఉన్నాయి. పాత భవనాన్ని ఇలాంటి బడిగా మార్చేవాళ్లు సెలవుల్లో తడిపి గీకించి, పొడిని బయటికి తరలించాకే పిల్లల్ని రానివ్వాలి.

అరుగు, వసారా, మండువా

భోపాల్‌లో ప్లానింగ్, ఆర్కిటెక్చర్ బోధించే రచనా ఖరే, అబీర్ ముల్లిక్ కలిసి ఆటిజం పిల్లల విద్యా స్థలాలకు 18 అంశాలు గుర్తించారు. ముస్తఫా సూత్రాల్లో ముఖ్యమైనవి గదుల వరస, ఒక గది నుంచి మరో గదికి మారేటప్పుడు మధ్యలో విడిది, జోరుగా ఉండే చోట్లను నెమ్మది చోట్లతో కలపకపోవడం. చదివితే కొత్తగా అనిపిస్తుంది కాని కోస్తా తెలుగు ఇల్లు ఇవన్నీ ఎప్పుడో చేసింది. వీధిలోంచి ఒక్కసారిగా గదిలోకి పడేది కాదు మన ఇల్లు. వీధి అరుగు, గుమ్మం, వసారా, మండువా, ఆ చుట్టూ గదులు. వచ్చినవాడు అరుగు మీద కాసేపు కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నీడలోకి అలవాటుపడి లోపలికి వెళ్లేవాడు.

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద ఆటో దిగే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకుంటే ఈ వరస విలువ తెలుస్తుంది. చెవుల్లో హారన్లు, ముక్కులో పెట్రోలు వాసన, ఎండ. గేటు దాటగానే అరవైమంది పిల్లల ప్రార్థనలో నిలబెడితే వాడు అక్కడే కూలబడతాడు, ఆ రోజు చదువు అక్కడితో సరి. గేటు లోపల నీడగా ఒక అరుగు, అక్కడ సంచీ తగిలించే కొక్కెం, కొక్కెం పక్కన వాడి ఫొటో, ఈ రోజు చేయబోయే పనుల బొమ్మల వరస. ఐదు నిమిషాలు అక్కడ. తరవాత నడవా. నడవా వెడల్పుగా ఉండాలి, ఎదుటివాడి భుజం తగిలితే ఉలిక్కిపడే పిల్లలకు రెండు మీటర్లు ఎక్కువేమీ కాదు. తలుపులో చిన్న గాజు పలక ఉండాలి. లోపల ఎవరున్నారో చూసుకున్నాకే కొందరు పిల్లలు అడుగు పెడతారు.

మండువా లాంటి నడిమి పెరడు కాపలాకు కూడా పనికొస్తుంది. అన్ని గదుల తలుపులూ దాని మీదికే తెరుచుకుంటే, బయటికి పోయే దారి ఒక్కటే అయితే, పరుగెత్తి వెళ్లిపోయే పిల్లవాడు ఎవరో ఒకరి కంట పడతాడు. ఇది చిన్న విషయం కాదు. కళ్లుగప్పి వెళ్లిపోవడం ఆటిజం పిల్లల్లో ఎక్కువ, వెళ్లినవాళ్లలో చాలామంది నీళ్ల వైపే పోతారు. మల్కాపురం చుట్టూ గెడ్డలున్నాయి, అటు సముద్రం. ఆవరణలో మూతకు తాళం లేని సంపు అన్నిటికంటే దగ్గరి ప్రమాదం.

గుండ్రంగా కట్టాలన్న సరదాకు మాత్రం లొంగకూడదు. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిళ్లు చూడముచ్చటగా ఉంటాయి. తాటాకు కప్పు, మట్టి గోడ ఉంటే మోత రాదు. అదే ఆకారాన్ని కాంక్రీటులో పోస్తే గుండ్రటి గోడ శబ్దాన్నంతా పోగేసి నడుమ పడేస్తుంది.

దాక్కునే చోటు

ప్రతి గదిలోనూ, లేదా రెండు గదులకు ఒకటి చొప్పున, పిల్లవాడు తనంతట తాను వెళ్లి కాసేపు ఉండే చిన్న మూల కావాలి. ఆరడుగులకు ఆరడుగులు చాలు. తక్కువ వెలుతురు, చాప, దిండు, మూడు పక్కల అడ్డు, నాలుగో పక్క టీచరు కంటికి తెరిచి ఉండాలి. నెదర్లాండ్స్‌లో 1970ల్లో మొదలైన స్నూజెలెన్ గదులు, రంగు దీపాలు, నీటి బుడగల స్తంభాలు, ఖరీదైనవి. చాలా బడులు వాటిని కొని దాతల ఫలకంతో తాళం వేసుకుంటాయి. చీర కట్టిన ఊయల మూల దానికంటే ఎక్కువసార్లు వాడకంలోకి వస్తుంది.

ఈ మూలకు తలుపు ఉండకూడదు, ఉన్నా బయటి నుంచి గడియ ఉండకూడదు. గడియ ఉన్న రోజున అది అల్లరి చేసిన పిల్లవాణ్ణి పడేసే కొట్టు అవుతుంది. ప్లాను మీద పేరు ఏది రాసినా సరే.

ఊగడం చాలామంది పిల్లలకు నిజంగానే కుదుటపాటు ఇస్తుంది. పాత ఇళ్లలో ఉయ్యాల బల్ల కోసం దూలానికి కొక్కేలు ఉండేవి. ఇక్కడ కూడా స్లాబు పోసేటప్పుడే బీములో కొక్కెం పెట్టించుకోవాలి. తరవాత డ్రిల్లు వేసి బిగించిన బోల్టు ఊగే బరువుకు ఎన్నాళ్లో ఆగదు.

బోర్డుల మీద తెలుగు

అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు భవనం చేసే సాయం ఎక్కువగా దారి చూపడంలో ఉంటుంది. ఇంగ్లీషు దేశాల మార్గదర్శకాల్లో ఉన్న అక్షరాల సలహాలు మనకు నేరుగా పనికిరావు. తెలుగులో ప–ఫ, ద–ధ, బ–భ జంటలను విడదీసేది అడుగున ఉన్న చిన్న గీత. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు. సోకు అక్షరాల్లో రాయించిన బోర్డు మీద ముందు మాయమయ్యేవి ఇవే. వరసల మధ్య ఎడం చాలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తన్నుతుంది. కాబట్టి బోర్డుకు ఒకే వరస, గుండ్రని సాదా అక్షరం, అడుగు గీతలు మందంగా, పక్కన బొమ్మ. ‘ప్రధానోపాధ్యాయుల కార్యాలయము’ అన్న పదబంధం ఎందుకు? పిల్లలంతా దాన్ని హెచ్‌.ఎం. గది అనే పిలుస్తారు. బోర్డు కూడా అదే అనాలి. కుడి ఎడమలు కలగలిసిపోయే పిల్లలకు ‘ఎడమ పక్క మూడో గది’ కంటే ‘పసుపు తలుపు’ తేలిక, గుమ్మం రంగు, బెంచీ రంగు, నోటుబుక్కు అట్ట ఒకటే అయితే ఇంకా తేలిక.

మరుగుదొడ్ల గురించి క్లుప్తంగా: జారని నేల, ఎగ్జాస్టు ఫ్యాను మోత లేకుండా ఎత్తున జాలీ, బయటి నుంచి కూడా తెరవగల గడియ, పక్కన టీచరో ఆయాయో నిలబడేంత చోటు.

విడి బడా, ఊరి బడా

విశాఖలో ప్రత్యేక పాఠశాలల చరిత్ర దశాబ్దాలది. లేబెన్స్‌హిల్ఫె పేరుతో నడిచే బడి వాటిలో ఒకటి. ఆ జర్మన్ మాటకు జీవితానికి ఆసరా అని అర్థం, జర్మనీలో ఆ పేరు గల సంస్థ 1958లో మార్‌బుర్గ్‌లో పుట్టింది. నౌకాదళం సంకల్ప్ పేరుతో నడిపే ప్రత్యేక పాఠశాలల్లో ఒకటి ఈ నగరంలోనే ఉంది. వీటికి ఎప్పుడూ ఉండే తలనొప్పి చోటు. 2021 జూన్‌లో కిర్లంపూడి లేఅవుట్‌లోని హిడెన్ స్ప్రౌట్స్ బడి షెడ్లను, స్థలం లీజు వివాదంలో, నగరపాలక సంస్థ తొలగించడం పెద్ద చర్చ అయింది. లీజు నేల మీద తాత్కాలిక షెడ్డులో ఉన్న బడి గోడల మందం గురించి, సీలింగు పలకల గురించి ఆలోచించలేదు. రేకుల కప్పు మీద వాన పడితే అక్కడ ఆ పూట బడి లేనట్టే.

2016 చట్టం 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల మధ్య, నలభై శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలు దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక బడిలోనైనా తమకు నచ్చిన చోట ఉచితంగా చదువుకోవచ్చంటుంది. భవనాల రూపకర్తల్లోనూ దానికి తగ్గ రెండు వాదాలున్నాయి. ఒక వాదం చప్పుడును, వెలుతురును అణచి పిల్లల్ని కుదుటపరచమంటుంది. రెండోది, అంత నెమ్మదిలో పెరిగిన పిల్లవాడు రేపు సింధియా జంక్షన్లో బస్సెలా ఎక్కుతాడని అడుగుతుంది. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోనక్కర్లేదు. చిన్న తరగతులు పెరటి లోతున, నిశ్శబ్దంగా; పెరిగేకొద్దీ గదులు వీధి వైపుకు, చప్పుడు వైపుకు జరుగుతూ, చివరి తరగతి గది కిటికీ ఒకటి రోడ్డు మీదికే తెరుచుకోవచ్చు. ఊరి బడిలో అయితే ఈ పనంతా ఒక్క గది మార్చి మొదలుపెట్టొచ్చు. సీలింగు పలకలు, దించిన లైట్లు, ఒక మూల, ఖాళీ గోడ. అదే గదిలో మామూలు పిల్లలు కూడా చదువుతారు, వాళ్లకూ టీచరు గొంతు ఇంకాస్త స్పష్టంగా వినిపిస్తుంది.

సైరన్ మోగితే

మల్కాపురంలో ఈ అధ్యాయం తప్పించుకోలేనిది. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం, రిఫైనరీలో వంటగ్యాస్ పేలి అరవైమంది దాకా చనిపోయారు. 2013 ఆగస్టులో, 2021 మే 25న మళ్లీ ప్రమాదాలు. 2020 మే 7న నగరానికి మరోవైపు ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు. అత్యవసర ప్రణాళికలన్నీ సైరన్ వినగానే పిల్లలు వరసగా బయటికి నడుస్తారని అనుకుంటాయి. సైరన్ ఈ పిల్లల్లో కొందరిని చెవులు మూసుకుని ఉన్నచోటే పాతేస్తుంది, కొందరిని దాక్కునేలా చేస్తుంది.

ఎక్కడ దాక్కుంటారో ముందే తెలుసు. రోజూ దాక్కునే ఆ నెమ్మది మూలలోనే. అందుకే ఆ మూలను గది లోపలి కొసన పెట్టకూడదు. దాని వెనక గోడలోనే పెరటికి తెరుచుకునే గది రెండో తలుపు ఉండాలి, మామూలు రోజుల్లో కూడా పిల్లలు ఆ తలుపులోంచే ఆటకు వెళ్లాలి, అప్పుడే అది వాళ్లకు తెలిసిన దారి అవుతుంది. విషవాయువు వస్తే పరుగు పనికిరాదు, రోడ్డు వైపు కిటికీల్లేని ఆ వరసలో ఒక గదికి బిగువైన తలుపులు పెట్టి అందరినీ అందులోకి చేర్చాలి. ఆ గది కూడా వాళ్లకు కొత్తది కాకూడదు, శనివారం బొమ్మలేసుకునే గదిగానో, పాటల గదిగానో అలవాటై ఉండాలి. కసరత్తు మొదట బొమ్మ కార్డుతో, తరవాత చిన్న గంటతో, మూడో నెలలో అసలు సైరన్ రికార్డింగును తక్కువ వాల్యూములో పెట్టి. తలల లెక్క టీచరు ఎప్పుడూ ఆ మూల నుంచే మొదలుపెట్టాలి.